చిల్లిగవ్వ విలువ – తండా సొమ్ములు, వాటి పేర్లు

చేతిలో డబ్బు లేదని చెప్పడానికి తెలుగులో "చిల్లిగవ్వ లేదు" అంటాం. ఎందుకూ కొరగాని దానికి "చిల్లిగవ్వ విలువ చెయ్యదు" అంటాం. ఒకప్పుడు గవ్వలే చిల్లర నాణేలు. అందులో చిల్లు పడ్డది లెక్కలోకి రానిది. అట్లా పుట్టిన మాట ఇది. అయితే మన లంబాడా ఆడబిడ్డకు గవ్వ పనికొచ్చేది దానికి చిల్లు పడ్డాకనే. వీపు అరగదీసి, సూది దూరేలా చేసిన తర్వాతే అది కాంచళి అంచుకు, కోత్లి మూతికి, నీళ్ల బిందె కింద పెట్టుకునే గణోకు చేరుతుంది. సంతలో విలువ పోయిన చోటనే తండాలో దానికి విలువ మొదలవుతుంది.

ఒకే వస్తువును ఒకరు పనికిరానిదన్నారు, ఇంకొకరు కూతురి పెళ్లికి దాచారు. ఈ రెండు చూపుల మధ్య మన చరిత్ర చాలా ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల తండాల్లో తరతరాలుగా ఒంటి మీద మోసిన చిన్న చిన్న సొమ్ములను, వాటిని పిలిచిన మాటలను ఈ వ్యాసంలో ఒక చోట పెట్టే ప్రయత్నం చేస్తున్నాను.

సొమ్ము, ఆనవాలు, యాది

ముందుగా తెలుగు మాటలే చూద్దాం. తెలంగాణ పల్లెల్లో నగలను "సొమ్ములు" అంటారు. సొమ్ము అంటే డబ్బు, ఆస్తి కూడా. "ఎవరి సొమ్ము?" అంటే ఎవరి హక్కు అని అడిగినట్టే. ఒంటి మీది అలంకారానికీ, ఇంట్లోని ఆస్తికీ ఒకే మాట ఉండటం ఊరికే జరగలేదు. బ్యాంకు లేని, పట్టా లేని ఇంట్లో ఆస్తి అంటే ఆడవాళ్ల మెడలో, కాళ్లకు ఉన్నదే.

ఒక మనిషిని తలుచుకోవడానికి దాచుకున్న చిన్న వస్తువుకు కూడా మనకు చక్కని మాటలున్నాయి. "ఆనవాలు" అంటే గుర్తుపట్టడానికి ఇచ్చిన వస్తువు. సీతమ్మకు హనుమంతుడు చూపిన ఉంగరం ఆనవాలే. "యాది" అంటే జ్ఞాపకం. "మా అవ్వ యాదికి ఉంచుకున్న" అంటే ఆ వస్తువును అమ్మేది లేదని అర్థం. సభల్లో శాలువాతో పాటు ఇచ్చే "జ్ఞాపిక" తర్వాత వచ్చిన మాట. మీరు చదువుతున్న ఈ సంచికను పిలిచే "సావనీర్" అన్న మాట కూడా ఫ్రెంచిలో జ్ఞాపకం, గుర్తు అన్న అర్థం ఉన్నదే.

ఇక తక్కువచేసే మాటలూ ఉన్నాయి. గిల్టు, కాకిబంగారం, తళుకుబెళుకులు. ఇంగ్లీషులో ట్రింకెట్, నిక్‌నాక్. ఖరీదు లేని చిన్న మెరుపు వస్తువులని వీటి అర్థం. మన సొమ్ములకు పుస్తకాల్లో, దుకాణాల్లో ఇటువంటి మాటలు తగిలించడం తేలిక. మన మాటలతో పిలవాలంటే మాత్రం ఆ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

ఎద్దుల బిడారు నుంచి

ఇవాళ "తండా" అంటే ఇండ్లు కట్టుకుని స్థిరపడ్డ పల్లె. మూడు, నాలుగు వందల ఏండ్ల కింద తండా అంటే నడిచేది. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని కుటుంబాలతో సహా సాగిపోయే బిడారు. 1632లో ఇంగ్లీషు వ్యాపారి పీటర్ మండీ ఉత్తర భారతంలో ప్రయాణిస్తూ ధాన్యం మోస్తున్న 14,000 ఎద్దుల తండా ఒకటి తనకు ఎదురైందని రాసుకున్నాడు. అదే శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే కూడా ఈ బిడార్ల గురించి రాశాడు. మొగలు సైన్యాలు దక్కను మీదికి వచ్చినప్పుడు వాటికి తిండిగింజలు చేరవేసింది ఈ తండాలే. తూర్పు తీరంలో తయారైన ఉప్పు ఎద్దుల మీద లోపలి నాడులకు ఎక్కేది. మచిలీపట్నం నుంచి గోల్కొండకు పోయే పాత దారి నల్లగొండ సీమ మీదుగానే సాగేది. లంబాడీ అన్న పేరు కూడా ఉప్పుకు సంస్కృత పదమైన "లవణ" నుంచే వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. మనవాళ్లు మాత్రం తమను తాము "గోర్" అనుకున్నారు, బయటివాళ్లను "కోర్" అన్నారు, మాటను "గోర్ బోలి" అన్నారు.

ఈ నడకకు సొమ్ముకు సంబంధం ఉంది. రాత్రికొక చోట మకాం వేసేవాళ్లు గోడ కట్టి అందులో ఆస్తి దాచలేరు. ఎద్దు వీపు మీది గోనె వ్యాపారానికి, ఒంటి మీది వెండి ఇంటికి. దారిలో దొరికినవే అలంకారాలయ్యాయి. గవ్వ హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చింది. బెంగాలులో 19వ శతాబ్దం తొలినాళ్ల దాకా గవ్వలు చిల్లర డబ్బుగా నడిచాయి. సముద్రం ఎన్నడూ చూడని దేవరకొండ గుట్టల్లోని తండాల్లో ఆడవాళ్ల బట్టల మీద గవ్వలు ఉన్నాయంటే, ఆ గవ్వే మన పూర్వీకులు నడిచిన దూరానికి సాక్ష్యం. ఎద్దుల కొమ్ములకు, మెడపట్టెలకు కూడా గవ్వలు, అద్దాలు కుట్టారు. ఇంటి ఆడబిడ్డకూ బిడారు ముందు నడిచే ఎద్దుకూ ఒకే అలంకారం చేసిన జాతి మనది.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఆ తర్వాత రోడ్లు పెరిగాయి. ఎద్దు మీది బరువు రైలు పెట్టెలోకి పోయింది. బతుకుదెరువు పోయిన తండాలు గుట్టల పక్కన, అడవి అంచున, బంజరు భూముల్లో నిలబడ్డాయి. పశువుల పెంపకం, కట్టెలు, కూలి, మెట్ట సేద్యం మిగిలాయి. అదే కాలంలో బ్రిటిషు పాలన 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని ప్రాంతాల్లో బంజారాల మీద కూడా పడింది. ఆ చట్టం రద్దయింది 1952లో. నిన్నటి దాకా సైన్యాలకు అన్నం మోసినవాళ్లు అనుమానితులయ్యారు. వాళ్ల ఒంటి మీద వెండి కనిపిస్తే "ఎక్కడిది?" అన్న ప్రశ్న మొదలైంది.

రూపాయి హారం లెక్క

తండా సొమ్ముల్లో చరిత్ర అచ్చయి కనిపించేది రూపాయి హారంలో. వెండి రూపాయికి పైన చిన్న కొక్కెం అతికించి, దారంలో గుచ్చి మెడలో వేసుకునేవారు. ఊరి అవుసలి చేసే పని అది. నాణెంలో ఏముందో చూస్తే మన ముత్తవ్వలు ఎంత లెక్క తెలిసినవాళ్లో అర్థమవుతుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ నిజాం రాజ్యంలో ఉన్నందువల్ల ఇక్కడ రెండు రకాల రూపాయలు నడిచాయి. ఒకటి నిజాం సర్కారుది, హాలీ సిక్కా. హాలీ అంటే ప్రస్తుతం చెలామణిలో ఉన్నది అని. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నుంచి దీని మీద చార్మినార్ బొమ్మ వచ్చింది. రెండోది బ్రిటిషు ఇండియా రూపాయి. దాని మీద రాణి లేదా రాజు తల ఉంటుంది. బ్రిటిషు రూపాయి బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. చార్మినార్ రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు, వెండి నూటికి దాదాపు 82 పాళ్లు. అంటే మొదటి దాంట్లో అసలు వెండి దాదాపు 10.7 గ్రాములు, రెండో దాంట్లో దాదాపు 9.1 గ్రాములు.

బజారులో 7 హాలీ రూపాయలకు 6 బ్రిటిషు రూపాయలని మారకం నడిచింది. ఇప్పుడు గుణించి చూడండి. ఏడు చార్మినార్ రూపాయల్లో 64 గ్రాముల వెండి. ఆరు రాణి రూపాయల్లోనూ 64 గ్రాములే. సర్కార్లు పెట్టుకున్న మారకం వెనుక ఉన్నది వెండి తూకం. తండా అవ్వ హారంలో రెండు రకాల నాణేలు కలిపి గుచ్చినా, దేని విలువ ఎంతో ఆమెకు తెలుసు. ఆమె మెడలో ఉన్నది బొమ్మ కాదు, తూకం.

తర్వాత నాణేలు మారాయి. 1940 నుంచి బ్రిటిషు రూపాయిలో వెండి సగానికి పడిపోయింది. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. హైదరాబాద్ 1948లో భారత యూనియన్‌లో కలిసిన తర్వాత 1950 నుంచి ఇండియా రూపాయితో పాటు కొన్నాళ్లు నడిచిన హాలీ సిక్కా 1959 నాటికి చెల్లకుండా పోయింది. పెట్టెలో హాలీ కాగితం నోట్లు దాచుకున్నవాళ్లకు గడువు దాటితే మిగిలేది కాగితమే. హారంలో హాలీ నాణెం ఉన్నామెకు మాత్రం వెండి వెండిగానే ఉంది. "ట్రింకెట్" అన్న మాట ఈ సొమ్ముకు ఎట్లా అతుకుతుంది?

కరువు వచ్చినప్పుడు ఈ హారమే కదిలేది. పాలమూరు, దేవరకొండ ప్రాంతాల్లో వాన మొఖం చాటేయడం కొత్త కాదు. గింజలు లేని ఏడు, హారంలో నుంచి ఒక్కో రూపాయి తీసి షావుకారు దగ్గర గిర్వి పెట్టేవారు. కడియం అయితే మొత్తం పోవాలి. హారం అయితే కావలసినంతే తీయొచ్చు. పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటుంది: హారంలో నాణేల మధ్య ఎడం చూస్తే ఆ ఇంట్లో ఎన్ని కరువులు దాటాయో తెలిసేదట. మంచి పంట వచ్చిన ఏడు మళ్లీ ఒకటి గుచ్చేవారు. కొన్ని ఎడాలు మాత్రం పూడకుండానే ఉండిపోయాయి.

ఒక్కో పేరుకు ఒక్కో పని

ఇప్పుడు పేర్లకు వద్దాం. ఉచ్చారణ తండా తండాకు కొంచెం మారుతుంది. దేవరకొండ వైపు పలికినట్టు కల్వకుర్తి వైపు పలకకపోవచ్చు. అయినా మాట ఒకటే.

ఘుగ్రి: చెంపల పక్కన జుట్టుకు కట్టి వేలాడదీసే వెండి సొమ్ము. చివర చిన్న మువ్వలుంటాయి. ఘుంగ్రూ అన్న మాటకు ఇది చుట్టం. దీనితో కలిసి ఉండేది టోప్లి. ఈ రెండూ పెళ్లయిన ఆడదాని గుర్తులు. ఎదురుగా వస్తున్నామె పెళ్లయిందో కాదో అడగనక్కర లేకుండా ఘుగ్రి చెప్పేది. భర్త పోతే అది తీసేసేవారు. ఆ తీయడంలోని దుఃఖం కూడా ఆ పేరులోనే ఉంది. మ్యూజియం చీటీ మీద "తల ఆభరణం" అని రాస్తే ఇదంతా పోతుంది.

చూడో, బల్యా: చేతులకు వేసుకునే తెల్లని గాజులు. మోచేతి పైన వేసుకునేది చూడో, అది పెళ్లితో వచ్చేది. ఒకప్పుడు వీటిని ఏనుగు దంతంతో, ఎముకతో చేసేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1986లో, 1991లో వచ్చిన సవరణలు దేశంలో దంతపు వ్యాపారాన్ని మూసేశాయి. ఏనుగులకు అది మంచిదే. దంతం పోయి ప్లాస్టిక్ వచ్చింది. అయినా పేరు మారలేదు, వేసుకునే చోటు మారలేదు, అర్థం మారలేదు. ఇక్కడ ఒక పాఠం ఉంది. సొమ్ము విలువ అంతా లోహంలోనో దంతంలోనో ఉంటే, ప్లాస్టిక్ వచ్చిన రోజే చూడో చచ్చిపోవాలి. పేరు బతికి ఉంది కనుక అదీ బతికింది.

హాస్లి: మెడకు వేసుకునే గట్టి వెండి కంటె. హిందీలో మెడ కింది ఎముకను హంస్లీ అంటారు. ఆ ఎముక మీద ఆనేది కనుక ఆ పేరు. రూపాయి హారంలా దీన్ని ముక్కలుగా తీయలేం. అందుకే ఇది చివరిదాకా మిగిలేది, లేదా ఒకేసారి పోయేది.

భూరియా: ముక్కుకు పెట్టుకునేది. చోట్లా: జడకు కట్టే సొమ్ము. వాంక్డి: కాళ్లకు వేసే వంపు తిరిగిన కడియం. తెలుగులో దండకు పెట్టుకునే "వంకీ" పేరులోనూ ఆ వంపే ఉంది. తెలుగు ఊరి అవుసలి చేతిలో గోర్ బోలి పేరున్న సొమ్ము తయారైంది. కాబట్టి ఈ వస్తువులు తండాకు ఊరికి మధ్య సంబంధానికి కూడా గుర్తులే. అద్దాలు, పూసలు, సూదులు గంపలో పెట్టుకుని తండాలకు తిరిగిన పూసలవాళ్లనూ ఇక్కడ తలుచుకోవాలి. వాళ్లు రాకపోతే కాంచళి మీద అద్దం లేదు.

ఇక కుట్టుపని వస్తువులు. ఫేట్యా, కాంచళి, టూక్రి అందరికీ తెలిసినవే. వీటికంటే చిన్నవి కోత్లి, గణో. కోత్లి అంటే చిన్న సంచి. గణో అంటే బిందె కింద తలమీద పెట్టుకునే చుట్టకుదురు, దాని వెనుక వేలాడే గవ్వల పట్టీ. తల్లి కూతురికి ఏండ్ల తరబడి వీటిని కుట్టి ఉంచేది. పెళ్లయ్యాక తండా విడిచి పోయేటప్పుడు పెళ్లికూతురు పెద్దవాళ్లను పట్టుకుని ఢావ్లో పాడుతూ ఏడుస్తుంది. ఆమెతో పాటు వెళ్లేవి ఈ కోత్లి, గణోలే. తల్లి ఉత్తరం రాయలేదు. గోర్ బోలికి సొంత లిపి లేదు. కుట్టులోని వరసలనే ఉత్తరం అనుకోవాలి. నిజమైన యాది అంటే ఇది.

అమ్రాబాద్ అడవిలోని చెంచు సోదరులను కూడా మరువరాదు. 1940లో వాళ్ల మధ్య ఉండి పరిశోధించిన హైమెండార్ఫ్ 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. దుంపలు, తేనె, అడవి ఫలసాయం మీద బతికినవాళ్లకు బరువైన వెండి అక్కర లేదు. అడవి సరుకుకు బదులుగా దొరికిన పూసల దండే వాళ్ల సొమ్ము. దాన్ని లంబాడా వెండితో తూచి తక్కువ అనడం, మనల్ని బంగారంతో తూచి తక్కువ అన్నవాళ్లు చేసిన తప్పే మళ్లీ చేయడం.

కరిగిపోయినవి

1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. చదువు, ఉద్యోగాలు వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. ఇవన్నీ సాధించుకున్న హక్కులు. అదే కాలంలో ఒంటి మీది సొమ్ము తగ్గుతూ వచ్చింది. బడికి పోయే పిల్లను బస్సులో, హాస్టల్లో వింతగా చూశారు. కూలికి బొంబాయి, పూణే పోయిన తల్లులకు అంత వెండి వేసుకుని తిరగడం ప్రమాదమైంది. చీర సులువైంది. ఎవరి ఇష్టం వాళ్లది, తప్పు పట్టేది లేదు. ఏ ఆడపిల్లనూ చరిత్ర కోసం ఆరు కిలోల బట్ట మోయమని అడిగే హక్కు మగవాళ్లకు అసలే లేదు.

అయితే తీసిన వెండి ఎక్కడికి పోయింది? చాలావరకు పట్నంలో తూకానికి పోయి కరిగింది. పిల్ల చదువుకు, బోరు వేయడానికి, ఆసుపత్రికి, కూతురికి బంగారం కొనడానికి. కరగని కొన్ని పాత వస్తువుల దుకాణాల్లోకి పోయి "ట్రైబల్ జ్యువెలరీ" అయ్యాయి. మనం తూకానికి ఇచ్చింది అక్కడ అందానికి అమ్ముడుపోయింది. తండాలో దాని స్థానంలో జర్మన్ సిల్వర్ వచ్చింది. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి రవ్వంత ఉండదు, రాగి, నికెల్, తుత్తునాగం ఉంటాయి. తీజ్ పండుగకు అమ్మాయిలు వేసుకునేది ఇప్పుడు ఎక్కువగా ఇదే. వేసుకోనివ్వండి. చూడో ప్లాస్టిక్‌లో బతికినట్టు ఘుగ్రి జర్మన్ సిల్వర్‌లో బతుకుతుంది. బతకనిది ఒకటే: "ఇది ఏందే?" అని అడిగితే "ఫ్యాన్సీ ఐటమ్" అని జవాబు వచ్చినప్పుడు.

పక్క రాష్ట్రాల మాట

ఇతర చోట్ల మనవాళ్లు ఏం చేశారో చూద్దాం. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరులో లంబాణీ మహిళల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపిలో జీ-20 సమావేశం సందర్భంగా సండూరు కుశల కళా కేంద్రానికి చెందిన 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో లంబాడీ ఆడవాళ్లు మరిచిపోతున్న కుట్టును తిరిగి నేర్చుకుని సంఘం పెట్టుకున్నారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు "పోర్గై". వాళ్ల బోలిలో దానికి అర్థం గర్వం. ఇంగ్లీషు పేరు పెట్టుకుంటే సరుకు అమ్ముడుపోకపోయేదా? పోయేది. కానీ కొన్నవాళ్లు ఆ మాట అర్థం అడిగేవాళ్లు కాదు. పేరు మనదైతే కొనేవాడు కూడా ఒక మాట నేర్చుకుని పోతాడు.

మనం చేయగలిగింది

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. బంజారాహిల్స్‌లో 2022 సెప్టెంబర్ 17న సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమైంది. అవి అవసరమే. కానీ పేర్లు మ్యూజియంలో లేవు, అవ్వల నోట్లో ఉన్నాయి. వాటిని తెచ్చుకోవడానికి డబ్బు అక్కర లేదు.

ప్రతి తండాలో చదువుకున్న పిల్లలు ఒక నోటుబుక్కు తీసుకోవాలి. ఇంట్లో ఉన్న ప్రతి పాత సొమ్ముకు ఫోనుతో ఒక ఫోటో. దాని పక్కన అయిదు మాటలు తెలుగు లిపిలో: గోర్ బోలిలో దాని పేరు, ఆ తండాలో పలికే తీరులోనే. ఎక్కడ వేసుకుంటారు. ఎవరు వేసుకుంటారు, ఎప్పుడు తీస్తారు. ఎవరు ఇచ్చారు. ఇంకా ఉందా, పోయిందా. పోతే దేనికోసం పోయింది. చివరి ప్రశ్న సిగ్గుపడేది కాదు. "బిడ్డ చదువుకు అమ్మినం" అన్న వాక్యం రాజుల శాసనం కంటే తక్కువది కాదు. అవ్వ పేరు చెప్తుంటే ఆమె గొంతు కూడా రికార్డు చేయాలి. ఒక అక్షరాన్ని ఆమె పలికినట్టు మన లిపిలో రాయలేకపోవచ్చు, వినగలం.

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలు 2016 తర్వాత పలు జిల్లాలయ్యాయి. సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి అని ఎవరి లెక్క వాళ్లకు ఉంది. మన నోటుబుక్కులు మాత్రం ఒక చోట చేరాలి. అచ్చంపేట తండాలో ఒక పేరు, మిర్యాలగూడ తండాలో అదే వస్తువుకు ఇంకో పేరు కనబడితే ఏది సరైనదని తగవు పడవద్దు, రెండూ రాయాలి. ఆ తేడా కూడా ఏ బిడారు ఏ దారిన వచ్చి ఎక్కడ ఆగిందో చెప్పే ఆనవాలే.

అమ్మిన వెండి తిరిగి రాదు. కరిగిన నాణెం మీది చార్మినార్ మళ్లీ లేవదు. పేరు మాత్రం ఇంకా చేతికందే దూరంలో ఉంది, అది తెలిసిన అవ్వలు ఉన్నంత కాలం. ఈ దసరాకో, వచ్చే తీజ్‌కో తండాకు పోయినప్పుడు ఆ మాట అడిగి రాసుకోండి.